నీళ్లు తాగమన్నదీ వైద్యుడే, తగ్గించమన్నదీ వైద్యుడే

మా అమ్మ కిడ్నీ జబ్బు ఫైలులో రెండు కాగితాలు ఉన్నాయి. నాలుగేళ్ల కిందటి దానిలో "నీళ్లు బాగా తాగాలి, పప్పు, మాంసం మితంగా తినాలి" అని ఉంది. నిరుటి దానిలో "నీళ్లు లీటరు దాటకూడదు, గుడ్డు తెల్లసొన రోజూ తినాలి" అని ఉంది. రెండూ ఒకే డాక్టరు రాసినవి. అమ్మను రోజూ చూసుకునే మా మరదలు ఒకరోజు వాటిని పక్కపక్కన పెట్టి, "ఏది నమ్మాలి వదినా?" అని అడిగింది.

రెండింటినీ నమ్మాలి. కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకోవడంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. షుగరుకు, రక్తపోటుకు చెప్పిన జాగ్రత్తలు పదేళ్లయినా పెద్దగా మారవు. కిడ్నీ జబ్బుకు అలా కుదరదు. దశ మారితే నియమం మారుతుంది, కొన్నిసార్లు పూర్తిగా తిరగబడుతుంది. నిన్నటిదాకా ప్రాణం కాపాడిన అలవాటే రేపు ప్రమాదం కావచ్చు. పక్కింటి తాతగారికి చెప్పిన పథ్యం మన ఇంట్లో అమ్మకు సరిపోకపోవచ్చు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఇళ్లలో నేను చూసిన తప్పుల్లో చాలావరకు అశ్రద్ధ వల్ల జరిగినవి కావు. ఎంతో శ్రద్ధగా, కాని ఒక దశ నియమాన్ని మరో దశలో పాటించడం వల్ల జరిగినవి.

మొదట ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. కిడ్నీలో రాళ్లు వేరు, కిడ్నీలు మెల్లగా పనిచేయడం మానేయడం వేరు. ఊళ్లో ఎవరికైనా "కిడ్నీ బాగాలేదట" అనగానే వచ్చే సలహాలన్నీ రాళ్లకు సంబంధించినవే: అరటి దూట రసం, ఉలవల కట్టు, కొండపిండి ఆకు కషాయం, రోజుకో కొబ్బరి బోండాం. కిడ్నీలు బాగా దెబ్బతిన్న మనిషి రక్తంలో పొటాషియం బయటకు పోయే దారి లేక పేరుకుంటుంది. అరటి దూట, ఉలవలు, కొబ్బరి నీళ్లు మూడూ పొటాషియం దండిగా ఉన్నవే. కషాయం సంగతి మరీ ఘోరం. ఆకును మరిగిస్తే అందులోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. అందుకే కిడ్నీ రోగులకు కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోయమని చెబుతారు. ఆ పారబోయవలసిన నీళ్లనే మనం కషాయమని గ్లాసులో పోసి ఇస్తున్నాం. పొటాషియం హద్దు మీరితే ముందుగా దెబ్బతినేది గుండె లయ. హెచ్చరిక పెద్దగా ఉండదు. కాళ్లలో సత్తువ పోయినట్టు అనిపించి, నాడి మందగించి, ఒక్కోసారి నేరుగా గుండె ఆగిపోతుంది. చూడటానికి వచ్చే బంధువులు బోండాలు తెస్తే నేను కాదనను. ప్రేమగా తెచ్చినవి. వాటిని ఇంట్లో పిల్లలకు కొట్టి ఇస్తాను.

ఇక దశ తెలుసుకోవడం ఎలా? అందరి నోటా వినిపించే అంకె క్రియాటినిన్. "మా నాన్నకు ఒకటిన్నర ఉంది, ఫరవాలేదన్నారు" అంటారు. ఈ అంకె ఒక్కటే చూస్తే పెద్దవాళ్ల విషయంలో మోసపోతాం. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. వయసుతో కండ కరిగిపోయిన బక్కపలుచని ముసలామెలో అది తక్కువగానే తయారవుతుంది, కాబట్టి కిడ్నీలు సగానికి పైగా చెడినా రక్తంలో అంకె పెద్దగా పెరగదు. అందుకే క్రియాటినిన్‌తో వయసు, ఆడా మగా అన్నది కలిపి, కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో లెక్కగట్టే 'ఈజీఎఫ్ఆర్' అనే అంకెను చూడాలి. ఉదాహరణకు క్రియాటినిన్ 1.4 ఉన్న 30 ఏళ్ల యువకుడికి ఈ లెక్క దాదాపు 69 వస్తుంది. అదే 1.4 ఉన్న 74 ఏళ్ల స్త్రీకి 39 మాత్రమే వస్తుంది. ఒకే క్రియాటినిన్, రెండు వేర్వేరు పరిస్థితులు.

ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 నుంచి 59 వరకు మూడో దశ, 15 నుంచి 29 వరకు నాలుగోది, 15 కంటే కిందికి వస్తే అయిదోది. మొదటి రెండు దశల్లో ఈ అంకె బాగానే కనిపిస్తుంది, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం లాంటి గుర్తులే జబ్బును పట్టిస్తాయి. మూత్రంలో ఆ అల్బుమిన్ ఎంత పోతుందో చెప్పే పరీక్ష కూడా రాయించుకోవాలి. జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో ఆ పరీక్ష ముందే కొంత చెబుతుంది. ఖరీదైనది కాదు. షుగరున్నవారికి ఏడాదికి ఒకసారైనా చేయించాలి, కాని చాలామంది ఫైళ్లలో అది కనిపించదు. 75 ఏళ్లు దాటినవారిలో ఈజీఎఫ్ఆర్ 50 దగ్గర నిలకడగా ఉండి, మూత్రంలో అల్బుమిన్ పోకుండా ఉంటే, వాళ్లలో చాలామందికి డయాలసిస్ దాకా వెళ్లే అవసరమే రాదు. అలాంటి ఇంట్లో సంగటి మాన్పించి, పండ్లు మాన్పించి మనిషిని ఎండగట్టడం జబ్బు కంటే ఎక్కువ హాని చేస్తుంది.

వంటింటి విషయం కొంచెం విడమరచి చెప్పాలి. మన ప్రాంతపు వంటకూ కిడ్నీ జబ్బుకూ చుక్కెదురు. రాగి సంగటి, వేరుశనగ పచ్చడి, టమోటా పప్పు, చింతపండు పులుసు, వేసవిలో మామిడి పండు, జాతరలో అంబలి. ఇవన్నీ పొటాషియం గానీ భాస్వరం (ఫాస్ఫరస్) గానీ, లేదా రెండూ గానీ ఎక్కువగా ఉన్నవి. పాలిష్ పట్టిన బియ్యంతో పోలిస్తే రాగుల్లో ఈ రెండూ చాలా ఎక్కువ. ఆరోగ్యవంతులకు రాగులు గొప్పవి కావడానికీ, ముదిరిన కిడ్నీ జబ్బుకు సరిపడకపోవడానికీ కారణం ఒకటే. తెల్లన్నం తినమని డాక్టరు చెబితే "ఇన్నాళ్లూ తెల్లన్నం మంచిది కాదన్నారు కదా" అని అమ్మ నిలదీసింది. ఆమె అడిగింది న్యాయమే. షుగరు డాక్టరు వద్దన్నదాన్నే కిడ్నీ డాక్టరు తినమంటున్నాడు. ఇద్దరూ తమ తమ జబ్బు వైపు నుంచి సరిగ్గానే చెబుతున్నారు. ఆ రెండు మాటలనూ కలిపి ఒక కంచంలో వడ్డించవలసిన భారం మాత్రం ఇంట్లో వండే మనిషి మీద పడుతోంది.

ఇక్కడ చేయదగినది ఏమిటంటే, ముందు రక్త పరీక్షలో పొటాషియం చూడాలి. సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. అంకె హద్దులోనే ఉంటే, ఎవరో చెప్పారని అన్నీ మాన్పించనక్కర్లేదు. హద్దు దాటుతుంటే కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చాలి. పులుపు కావాలంటే చింతపండుకు బదులు కొద్దిగా నిమ్మరసం పిండుకోవచ్చు. టమోటాను కూరగా కాక ఒకటి రెండు ముక్కల రుచిగా వాడాలి. బీర, సొర, పొట్ల లాంటివి ఎంతో మేలు. సంగటి పూర్తిగా వద్దనకుండా, పరీక్ష అంకెలు బాగున్న వారాల్లో డాక్టరును అడిగి నిమ్మకాయంత ముద్ద ఇవ్వవచ్చు. తిరుమల నుంచి ఎవరో లడ్డూ తెస్తే కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోనివ్వాలి. ఆ చిటికెడు వల్ల ఏమీ కాదు. అసలు ఇబ్బంది పులిహోర, దద్ధోజనం లాంటివి ప్రసాదమని దోసెడు తినడంతో వస్తుంది.

ఉప్పు గురించి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "ఉప్పు తగ్గించండి" అనగానే చాలామంది దుకాణంలో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొంటారు. వాటిలో తీసేసిన సోడియం స్థానంలో చాలావరకు కలిపేది పొటాషియమే. కిడ్నీ రోగికి అది మామూలు ఉప్పు కంటే ప్రమాదం. సైంధవ లవణం, అంటే ఇందుప్పు, కూడా ప్రధానంగా సోడియం ఉప్పే. రంగు మారినంత మాత్రాన గుణం మారదు. తగ్గించవలసింది ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు. దాహానికి మూలం కూడా అవే. ఉప్పు తగ్గిస్తే నీళ్లు తగ్గించడం దానంతటదే కొంత సులువవుతుంది.

ప్రొటీన్ దగ్గర నియమం పూర్తిగా తిరగబడుతుంది. డయాలసిస్ మొదలుకాక ముందు కిడ్నీల మీద భారం తగ్గించడానికి శరీర బరువులో కిలోకు 0.6 నుంచి 0.8 గ్రాముల వరకు చాలంటారు. డయాలసిస్ మొదలైతే ప్రతిసారీ రక్తంలోని వ్యర్థాలతో పాటు కొంత పోషకం కూడా పోతుంది. అందుకని కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. యాభై కిలోల మనిషికి ముప్పై నలభై గ్రాముల నుంచి ఒక్కసారిగా యాభై అరవై గ్రాములకు పెంచాలన్నమాట. ఏళ్ల తరబడి గుడ్డును, మాంసాన్ని పక్కన పెట్టిన కుటుంబానికి ఈ మలుపు మనసుకు ఎక్కదు. పాత పథ్యమే కొనసాగిస్తారు. మనిషి నీరసించిపోతే డయాలసిస్ వల్లే ఇలా అయిందనుకుంటారు. శాకాహారుల ఇళ్లలో ఇది మరింత కష్టం. పప్పు నానబెట్టి, ఆ నీళ్లు తీసేసి వండటం, పాలవిరుగుడు లాంటివి ఎంతెంత తినవచ్చో ఆసుపత్రిలోని ఆహార నిపుణుల దగ్గర కూర్చుని రాయించుకోవాలి.

మందుల్లో ముందుగా పేరు చెప్పవలసింది మోకాళ్ల నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్ లాంటివి మందుల దుకాణంలో అడిగితే ఇచ్చేస్తారు. ముసలివాళ్లు కొంగున కట్టుకుని, రోజూ రాత్రి ఒకటి వేసుకుంటారు. మిగిలిన కాస్త కిడ్నీనీ ఇవి దెబ్బతీస్తాయి. నొప్పి, జ్వరం తగ్గాలంటే పారాసిటమాల్ మేలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. రెండోది ఇన్సులిన్. కిడ్నీలు నీరసించేకొద్దీ ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది, పాత మోతాదే వేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. "షుగర్ తగ్గిపోయింది, జబ్బు నయమవుతోంది" అని సంతోషించిన ఇళ్లను చూశాను. షుగర్ తనంతట తాను తగ్గడం అప్పుడు మంచి వార్త కాదు. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు రక్తపోటు మాత్రలు, మూత్రం మాత్రలు వేయాలా ఆపాలా అన్నది ఫోను చేసి అడిగి తెలుసుకోవాలి. అలవాటుగా వేసేయకూడదు.

డయాలసిస్ అంటే చాలామందికి అదొక చివరి మెట్టు. నిజానికి అది కిడ్నీ చేసే పనిలో కొంత భాగాన్ని యంత్రంతో చేయించడం. ఒక్కో విడత నాలుగు గంటలు పడుతుంది, ఆ నాలుగు గంటల్లో దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు యంత్రం గుండా పోతుంది. వారానికి మూడుసార్లు ప్రామాణికం. మూత్రం ఇంకా బాగా వస్తున్న కొందరికి డాక్టరు రెండుసార్లతో మొదలుపెట్టవచ్చు. ముందుచూపు కావలసింది ఫిస్టులా విషయంలో. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రక్తనాళాలను కలిపి చేసే ఈ చిన్న ఆపరేషన్ తరువాత అది వాడకానికి సిద్ధం కావడానికి వారాల నుంచి నెలల దాకా పడుతుంది. "డయాలసిస్ వద్దే వద్దు" అని మొండిగా ఏళ్లు గడిపి, ఆయాసంతో ఒక అర్ధరాత్రి ఆసుపత్రికి చేరితే మెడలో గొట్టం వేయక తప్పదు. ఆ గొట్టంతో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. అందుకే నాలుగో దశలోనే ఒక చేతిని కాపాడుకోవాలి: సాధారణంగా పని తక్కువ చేసే ఎడమ చేయి. ఆ చేతికి సూదులు, సెలైన్ వద్దని ప్రతి ఆసుపత్రిలోనూ చెప్పాలి. ఫిస్టులా వేశాక అక్కడ బీపీ కూడా చూడనివ్వకూడదు, ఆ చేయి కింద పెట్టుకుని పడుకోకూడదు. రోజూ పొద్దున వేళ్లతో తాకితే సన్నగా జుమ్మని అదరాలి. ఆ అదురు ఆగిపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. హెపటైటిస్ బి టీకా కూడా డయాలసిస్ మొదలుకాక ముందే వేయిస్తే మంచిది.

నీళ్ల లెక్క డయాలసిస్ ఇంట్లో రోజువారీ గొడవ. నిన్న ఎంత మూత్రం వచ్చిందో దానికి ఓ అర లీటరు కలిపితే ఇవాళ్టి హద్దు. మజ్జిగ, చారు, కాఫీ, అంబలి అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఒక లీటరు ఒంట్లో నిలిస్తే తూకంలో ఒక కిలో పెరుగుతుంది. కాబట్టి పొద్దున్నే బరువు చూసి గోడ మీద రాస్తే వాదన అక్కర్లేదు. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో ఈ నియమం ఎంత క్రూరంగా ఉంటుందో చూసుకునేవారికే తెలుసు. చిన్న గ్లాసు వాడటం, మంచు ముక్క చప్పరించడం, నోరు పుక్కిలించడం కొంత సాయపడతాయి. డయాలసిస్ నుంచి వచ్చిన పూట మనిషి పిండేసినట్టు అయిపోతారు. ఆ పూట పలకరింపులు వద్దు, నిద్రపోనివ్వాలి. పడుకుంటే ఆయాసం వచ్చినా, మాట తడబడినా, చలితో వణుకుతూ జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్ కూడా ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు పొట్టలోకి ఎక్కించే ద్రవం సంచి మార్చాలి. దూరం ఊళ్లలో ఉండి, ఇంట్లో శుభ్రంగా ఆ పని చేయగల మనిషి ఉన్నవారికి ఇది మంచిదే. బయటకు వచ్చే ద్రవం మబ్బుగా ఉంటే ఇన్‌ఫెక్షన్ అని గుర్తుంచుకోవాలి.

ఖర్చు గురించి తెలుసుకోవలసింది కొంత ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హులకు డయాలసిస్ ఉచితం. డయాలసిస్ చేయించుకునేవారికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ అంతకంటే దగ్గర. వేలూరు తమిళనాడులో ఉంది కాబట్టి ఏ కార్డు అక్కడ చెల్లుతుందో బయల్దేరే ముందే కనుక్కోవాలి. కార్డులు డయాలసిస్ యంత్రం వరకు చూస్తాయి. వారానికి రెండు మూడు రోజులు తోడు వెళ్లేవారి కూలి, ఆటో, పూట భోజనం ఏ కార్డులోనూ లేవు. నిరుపేద ఇళ్లలో డయాలసిస్ ఆగిపోయేది చాలాసార్లు అక్కడే.

వీటన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఎనభైల్లో ఉన్న మనిషికి డయాలసిస్ మొదలుపెట్టాలా? మన దగ్గర ఈ ప్రశ్న పైకి అడగడమే పాపమన్నట్టు చూస్తారు. డబ్బు కోసం వెనకాడుతున్నారని నలుగురూ అనుకుంటారని భయం. బాగా వయసు మళ్లి, గుండె జబ్బు లాంటివి కూడా ఉన్న బలహీనులకు డయాలసిస్ వల్ల ఆయుష్షు పెద్దగా పెరగకపోవచ్చునని, పెరిగిన రోజుల్లో చాలా భాగం ఆసుపత్రిలోనే గడిచిపోవచ్చునని కిడ్నీ వైద్యం ఇప్పుడు ఒప్పుకుంటోంది. డయాలసిస్ లేకుండా ఆయాసం, దురద, వాంతులు, నొప్పి, రక్తహీనతలకు మందులిస్తూ హాయిగా ఉంచే వైద్యం కూడా ఒక పద్ధతే. అది వదిలేయడం కాదు. దానికీ డాక్టరు కావాలి, మందులు కావాలి, మనిషి కావాలి.

మా ఇంట్లో ఆ రోజు వచ్చినప్పుడు మేం అక్కాతమ్ముళ్లం ఆసుపత్రి వరండాలో నిలబడి గంటసేపు వాదించుకున్నాం. లోపలికి వెళితే అమ్మ, "ఒళ్లు నాది. నన్ను అడగరా?" అంది. ఆమెకు చెవులు వినబడతాయి, తెలివి పదునుగా ఉంది. మేం మాత్రం ఆమె గురించి అంతా ఆమె లేని చోటే మాట్లాడుకున్నాం. అప్పుడు డాక్టరు ఒక దారి చెప్పారు: మూడు నెలలు డయాలసిస్ చేసి చూడటం, ఆ తరువాత కొనసాగించాలా వద్దా అని మళ్లీ కూర్చుని ఆమెనే అడగడం. మొదలుపెట్టిన డయాలసిస్‌ను ఆపకూడదనే నియమం ఏదీ లేదని మాకు అప్పుడే తెలిసింది. అమ్మ ఒప్పుకుంది. ఒక షరతు కూడా పెట్టింది: స్పృహ లేకుండా గొట్టాల మధ్య పడుకోబెట్టి ఉంచవద్దని. తమ్ముడు దాన్ని ఒక కాగితం మీద రాసి, ఆమె చేత సంతకం చేయించి ఫైలులో పెట్టాడు. ఇప్పటికి మూడు నెలలు ఎన్నోసార్లు గడిచాయి. ప్రతిసారీ అడుగుతున్నాం. ఇప్పటిదాకా "కానివ్వండి" అంటూనే ఉంది.

అడగకుండా ఉండిపోయింది మరో మనిషిని. అమ్మ బరువు గోడ మీద రాసేది, ముక్కలు నానబెట్టి వార్చేది, రాత్రి ఫిస్టులా చేయి కింద పడకుండా లేచి సర్దేది మా మరదలు. ఒకరోజు ఆమెకు కళ్లు తిరిగి పడిపోతే పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉంది. అమ్మకంటే తక్కువ. అమ్మ అంకెలన్నీ కంఠస్థం చేసుకున్న మేం అన్నేళ్లలో ఆమె రక్తం ఒక్కసారీ చూడలేదు.

ఇప్పుడు మందుల పెట్టె మూతకు ఒక కాగితం అంటించి ఉంది. సోమవారం డయాలసిస్ తమ్ముడిది. గురువారం నాది. తెల్లవారుజామున తిరుపతిలో బస్సెక్కితే ఎనిమిదికల్లా చిత్తూరులో ఉంటాను. నేను రాగానే మా మరదలు చీర మార్చుకుని పుత్తూరు బస్సుకు బయల్దేరుతుంది. వాళ్లమ్మను చూసి సాయంత్రానికి వస్తుంది.